చారల గుర్రం, మా నల్లబర్రె

మైపాడు సముద్రానికి దగ్గరలో మా ఇల్లు. వానలు వెనకబట్టాయంటే చాలు, మా నల్లబర్రెకు జోరీగల పీడ మొదలవుతుంది. తోక విసిరీ విసిరీ, కాలు నేలకేసి కొట్టీ కొట్టీ, సాయంత్రానికి పాలు చేపడం కూడా మానేస్తుంది. పోయినేడు దాని దూడ జ్వరంతో చిక్కిచిక్కి చనిపోయింది. సర్రా జబ్బు, జోరీగ కాటుతోనే వస్తుందన్నారు పశువుల డాక్టరుగారు.

మొన్న మా మనుమరాలు జీబ్రా బొమ్మ పట్టుకొచ్చి, "తాతా, దీనికి చారలెందుకు?" అంది.

"సింహానికి కనబడకుండా" అనేశాను, చిన్నప్పుడు విన్న మాటే కదా అని. తరువాత పుస్తకాలు తిరగేస్తే నా జవాబు నిలిచేట్టు లేదు. ఆఫ్రికా మైదానాల్లో జీబ్రాలు దాక్కునే రకం కాదు. పట్టపగలు బట్టబయలులో మేస్తాయి. ఒక మగది, కొన్ని ఆడవి, వాటి పిల్లలు, అదొక సంసారం. శత్రువు తరిమితే ఆడవి పిల్లలతో ముందు పరుగెడతాయి. మగది వెనక నిలబడి కాళ్లతో తంతుంది, పళ్లతో కరుస్తుంది. ఏ రెండింటి చారలూ ఒక్కలా ఉండవు. ఈనిన తల్లి కొన్నాళ్లు తక్కినవాటిని దగ్గరకు రానివ్వదు, పిల్ల తనను ఆనవాలు పట్టేదాకా.

మరి చారలెందుకంటారా? ఈమధ్య పరిశోధకులు ఎక్కువమంది ఒప్పుకుంటున్న కారణం జోరీగలే! 2019లో ఇంగ్లండులో గుర్రాలకు చారల దుప్పట్లు కప్పి చూశారు. ఈగలు దగ్గరకైతే వచ్చాయి గాని, దుప్పటి మీద వాలడం బాగా తగ్గింది. దుప్పటి లేని తలమీద మాత్రం ఎప్పటిలాగే వాలాయి. ఆ ఏడే జపానువాళ్లు నల్లావులకు తెల్లచారలు పూస్తే కాట్లు సగానికి తగ్గాయని ప్రకటించారు.

ఇంకేం! బియ్యప్పిండి కలుపుకుని తాతా మనుమరాళ్లం బర్రెకు చారలు దిద్దాం. మా ఆవిడ వచ్చి చూసి, "ఏమండీ, ముగ్గులకు వాకిలి చాలలేదా?" అంది.

గంట తిరగలేదు. బర్రె కట్టు తెంపుకుని పోయి, బోరింగు పక్కనున్న చారెడు బురదలో పొర్లి, మళ్లీ నల్లబర్రెగా తిరిగొచ్చింది. ఒళ్లంతా బురద పూత. జోరీగలు చుట్టూ తిరుగుతున్నాయి, కాటు వేయడానికి చోటు దొరకడం లేదు.

అప్పుడు తట్టింది నాకు. జీబ్రాకు చారలెలాగో మా బర్రెకు బురద అలాగ. ఒకప్పుడు మా వీధి వెనక గుంట ఉండేది. మధ్యాహ్నమంతా అది మెడలోతు నీళ్లలో హాయిగా పడుకునేది. మూడేళ్లనాడు ఆ గుంట పూడ్చి ఇళ్లస్థలాలు వేశారు. దాని ఒంటి చారలు చెరిపేసినట్టే అయింది. చెరిపినవాళ్లు ఎవరని వెతకనక్కరలేదు. అందులో మూడు సెంట్లు నేనూ కొన్నాను.

ఆ స్థలంలో ఇల్లు కట్టే మాట తరువాత చూద్దాం. రేపు మనుషులొస్తున్నారు, ముందు గుంట తవ్వడానికి.