ఏసీ మరమ్మతు: ఏటా ‘గ్యాస్’ నింపించడానికి కుటుంబాలు చెల్లిస్తున్న మూల్యం

ఎండలు ముదరగానే దేశంలోని నగరాల్లో ఏసీ మెకానిక్‌లకు ఊపిరి సలపదు. నెలల తరబడి వాడకంలో లేని ఏసీని ఆన్ చేస్తే గాలి వస్తుంది గానీ చల్లదనం రాదు. కబురందుకుని వచ్చిన మెకానిక్ ఔట్‌డోర్ యూనిట్ వద్ద కాసేపు గడిపి, గ్యాస్ అయిపోయిందని తేల్చి, సిలిండర్ తగిలించి నింపి వెళ్తాడు. గది చల్లబడుతుంది. మరుసటి వేసవిలో మళ్లీ అదే తంతు.

ఈ తంతుకు దేశం చెల్లిస్తున్న మొత్తం చిన్నదేమీ కాదు. ఢిల్లీ కేంద్రంగా పనిచేసే ఐఫారెస్ట్ అనే పరిశోధన సంస్థ ఏడు నగరాల్లో మూడు వేలకు పైగా కుటుంబాలను సర్వే చేసి, 2025లో ఫలితాలను వెల్లడించింది. ఇళ్లలోని ఏసీల్లో దాదాపు 40 శాతానికి ఏటా గ్యాస్ నింపుతున్నారని, ఒక్కోసారికి సగటున రూ. 2,200 ఖర్చవుతోందని అందులో తేలింది. ఈ లెక్కన 2024లో భారతీయ కుటుంబాలు గ్యాస్ నింపించడానికే సుమారు రూ. 7,000 కోట్లు వెచ్చించాయని ఆ సంస్థ అంచనా.

‘అయిపోయింది’ అన్న మాటలోనే అసలు చిక్కు ఉంది. వంట గ్యాస్ మండి ఖర్చవుతుంది. ఏసీలోని శీతలీకరణ వాయువు అలా ఖర్చయ్యేది కాదు. మూసివున్న రాగి గొట్టాల్లో అది ద్రవంగానూ వాయువుగానూ మారుతూ, గదిలోని వేడిని బయటికి మోస్తూ తిరుగుతూనే ఉంటుంది. లీకు లేని యంత్రంలో ఆ వాయువు ఏళ్ల తరబడి తరగదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. కారే చోటును వెతకకుండా మళ్లీ నింపడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

కారడానికి కారణాలు పలు రకాలు. అమర్చేటప్పుడు గొట్టం చివరలను సరిగా విప్పార్చకపోయినా, నట్లను తగినంత బిగించకపోయినా మొదటి ఏడాది నుంచే సన్నగా లీకు మొదలవుతుంది. విశాఖపట్నం, చెన్నై వంటి తీర నగరాల్లో ఉప్పుగాలి ఔట్‌డోర్ యూనిట్‌ను తినేస్తుంది. మురుగు కాలువల పక్కనున్న ఇళ్లలో హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు రాగిని దెబ్బతీస్తుంది. కొన్ని రసాయనాల ఆవిరి వల్ల రాగి గొట్టాల్లో చీమల పుట్ట లోపలి దారుల్లాంటి కంటికి కనిపించని రంధ్రాలు కూడా పడతాయి.

అసలు చల్లదనం తగ్గిన ప్రతిసారీ గ్యాస్‌నే అనుమానించనక్కర్లేదు. దుమ్ము పట్టిన ఫిల్టర్, మూసుకుపోయిన కాయిల్, బలహీనపడిన కెపాసిటర్ కూడా ఇవే లక్షణాలు చూపుతాయి. మొదటి రెండింటికీ శుభ్రం చేయడమే మందు.

సక్రమమైన మరమ్మతు ఎలా ఉంటుందో తెలిస్తే బిల్లును అర్థం చేసుకోవడం సులువవుతుంది. మొదట గొట్టాల్లోకి నైట్రోజన్‌ను ఒత్తిడితో ఎక్కించి, అతుకుల వద్ద సబ్బు నురగ రాసి లీకును గుర్తించాలి. దాన్ని అతికించాక లేదా ఆ భాగాన్ని మార్చాక, లోపలి గాలిని, తేమను వాక్యూమ్ పంపుతో పూర్తిగా లాగేయాలి. తేమ మిగిలితే అది నూనెను పాడుచేసి, కాలక్రమంలో యంత్రంలోకెల్లా ఖరీదైన భాగమైన కంప్రెసర్‌కే ముప్పు తెస్తుంది. ఆ తర్వాతే, ఔట్‌డోర్ యూనిట్‌పై ఉండే పట్టీలో రాసినంత గ్యాస్‌ను త్రాసుపై తూచి నింపాలి. ఇన్వర్టర్ ఏసీల్లో కంప్రెసర్ వేగం మారుతూ ఉంటుంది గనుక ప్రెజర్ గేజ్ ఒక్కదాన్నే చూసి నింపడం నమ్మదగిన పద్ధతి కాదు. ఈ పనంతా పావుగంటలో ముగిసేది కాదు. వాక్యూమ్ పంపు, త్రాసు లేకుండా కేవలం సిలిండర్‌తో వచ్చిన వ్యక్తి చేయగలిగేది నింపడం వరకే.

అందుకే గృహస్థు అడగవలసిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు, లీకు ఎక్కడ అన్నదే. ఏ గ్యాస్‌ను ఎన్ని గ్రాములు నింపారో, ఏ అతుకును బాగుచేశారో బిల్లులో రాయించుకుంటే, కొద్ది నెలలకే సమస్య తిరగబెట్టినప్పుడు నిలదీయడానికి ఆధారం ఉంటుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయాలన్నా, జిల్లా కమిషన్‌కు వెళ్లాలన్నా కాగితమే ముఖ్యం. పదేళ్ల వారంటీ అన్న ప్రకటనలనూ జాగ్రత్తగా చదువుకోవాలి. చాలా సంస్థల విషయంలో ఆ పదేళ్లు కంప్రెసర్‌కే వర్తిస్తాయి. గ్యాస్, కూలి, రవాణా ఖర్చులు తరచూ అందులో చేరవు. వార్షిక నిర్వహణ ఒప్పందాల్లోనూ గ్యాస్‌ను కలిపినవి, కలపనివి వేర్వేరుగా ఉంటాయి.

తప్పంతా మెకానిక్‌లదేనని తేల్చేయడం తేలిక, కానీ అది న్యాయం కాదు. వారిలో అధికశాతం అసంఘటిత రంగంలో, వేసవి నెలల సంపాదనపై ఏడాదంతా బతికేవారు. ఒక్క రోజులో ఎన్ని ఇళ్లు తిరిగితే అంత ఆదాయం. రెండు గంటలు లీకు వెతుకుతానంటే అందుకు డబ్బిచ్చే గృహస్థులు కూడా తక్కువే. ఆ రాత్రికి గది చల్లబడితే చాలనుకునేవారే ఎక్కువ. 2019లో కేంద్రం ప్రకటించిన భారత శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక 2022-23 నాటికి లక్ష మంది సర్వీసు టెక్నీషియన్లకు శిక్షణ, ధ్రువీకరణ ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుంది. అయితే అమెరికాలో, యూరోపియన్ యూనియన్‌లో ధ్రువపత్రం లేనివారు ఈ వాయువుల పని చేయడం చట్టవిరుద్ధం. భారత్‌లో అటువంటి తప్పనిసరి నిబంధన లేదు. ఇప్పుడు విరివిగా వాడుతున్న ఆర్-32 కొద్దిగా, ఆర్-290 తీవ్రంగా మండే స్వభావం కలవి కాబట్టి ఈ లోటు గృహస్థుకే కాక, బాల్కనీ అంచున నిలబడి పనిచేసే మెకానిక్‌కూ ప్రమాదకరమే.

ప్రభుత్వ విధానాల చూపు ప్రధానంగా కొనుగోలుపైనే ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీలపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. మరమ్మతు సేవలపై పన్ను మాత్రం మునుపటిలాగే 18 శాతం. స్టార్ లేబుల్ విద్యుత్ వినియోగాన్ని చెబుతుందే తప్ప, ఆ యంత్రాన్ని బాగుచేయడం ఎంత సులభమో, విడిభాగాలు ఎన్నాళ్లు దొరుకుతాయో చెప్పదు. వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో ప్రారంభించిన ‘రైట్ టు రిపేర్’ పోర్టల్‌లో గృహోపకరణాలకూ చోటు కల్పించారు. అయితే అది ప్రధానంగా సమాచార వేదికే. ఫ్రాన్స్ 2021 నుంచే కొన్ని ఉపకరణాలపై మరమ్మతు సూచీని ముద్రించాలని నిర్దేశించింది. ఏసీ కొనేటప్పుడు భారతీయ గృహస్థు ముందు అలాంటి అంకె ఏదీ ఉండదు.

మున్ముందు ఈ ఖర్చు పెరిగే అవకాశమే ఎక్కువ. 2016 నాటి కిగాలీ సవరణను భారత్ 2021లో ఆమోదించింది. దాని ప్రకారం హెచ్‌ఎఫ్‌సీ వాయువుల వినియోగాన్ని 2028లో స్తంభింపజేసి, 2032 నుంచి అంచెలంచెలుగా తగ్గిస్తూ 2047 నాటికి 85 శాతం కోత విధించాలి. పాకిస్తాన్‌దీ ఇదే వర్గం. బంగ్లాదేశ్, శ్రీలంక ఉన్న వర్గానికి స్తంభన 2024లోనే మొదలైంది. సరఫరాకు పరిమితి పడ్డాక, కారిపోయే ఏసీలకు ఏటా పోసే గ్యాస్ కూడా ఆ పరిమితిలో నుంచే రావాలి. పర్యావరణం వైపు నుంచి చూస్తే, ఒక కిలో ఆర్-32 గాలిలో కలవడం సుమారు 675 కిలోల కార్బన్ డయాక్సైడ్‌ను విడుదల చేయడంతో సమానం. ఆర్-410ఏ విషయంలో అది రెండు వేల కిలోలు దాటుతుంది.

ఇంట్లో పాత ఆర్-22 ఏసీ ఉన్నవారి లెక్క వేరు. ఓజోన్‌కు హాని చేసే ఈ వాయువు వర్గాన్ని కొత్త యంత్రాల తయారీలో వాడటం దేశంలో 2024తో ముగిసింది. 2030 తర్వాత పాత యంత్రాల సర్వీసు కోసం నామమాత్రపు పరిమాణమే మిగులుతుంది. అటువంటి ఏసీలో కాయిల్ గానీ కంప్రెసర్ గానీ పోతే, దానిపై పెద్ద మొత్తం వెచ్చించేకంటే కొత్తది కొనడమే మేలు. చిన్న అతుకు లీకైతే బాగుచేయించి మరికొన్నేళ్లు వాడుకోవచ్చు. చౌక అని చెప్పి ఆర్-22 యంత్రంలో ఆర్-290 నింపుతామంటే మాత్రం ఒప్పుకోరాదు. మండే వాయువును దృష్టిలో ఉంచుకుని ఆ యంత్రాన్ని రూపొందించలేదు. పాతది పాత సామాన్ల వారికి అమ్మేటప్పుడు గొట్టాలు కోసేస్తే లోపలున్న వాయువంతా గాలిలో కలుస్తుంది. దాన్ని ముందుగా సిలిండర్‌లోకి రాబట్టాలని విప్పడానికి వచ్చిన టెక్నీషియన్‌కు ముందే చెప్పడం అవసరం.