బొమ్మ కన్నా అచ్చు పదిలం

పిల్లలూ! ఇడ్లీ ఎందుకంత మెత్తగా ఉంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? పులిసిన పిండిలో పుట్టిన వాయువు బుడగలు బుడగలుగా చిక్కుకుపోతుంది. ఆవిరి వేడికి పిండి గట్టిపడినా ఆ ఖాళీలు అలాగే నిలిచిపోతాయి. గుంట ఎలా ఉంటే ఇడ్లీ అలాగే దిగుతుంది.

సినిమాల్లోనూ టెలివిజన్‌లోనూ మూతి తిప్పుతూ, కనుబొమలు ముడుస్తూ మాట్లాడే చేతిబొమ్మల ముఖాలు కొన్నిటిని ఇంచుమించు ఇలాగే పోతపోస్తారు. పిండికి బదులు రబ్బరు పాలు, గుంటకు బదులు ప్లాస్టర్ అచ్చు. అంతే తేడా!

ముందు బంకమట్టితో ముఖాన్ని మలుస్తారు. దాని మీద ప్లాస్టర్ పోసి అచ్చు తీస్తారు. బొమ్మలో చెయ్యి దూర్చడానికి చోటు కావాలి గదా! అందుకని అచ్చు మధ్యలో ఒక దిమ్మను అమరుస్తారు. అచ్చుకూ దిమ్మకూ మధ్య ఉన్న సందే బొమ్మకు చర్మం అవుతుంది. రబ్బరు పాలలో సబ్బు, గంధకం, జింక్ ఆక్సైడు వంటివి చేర్చి, గుడ్డుసొనను గిలకొట్టినట్లు గిలకొడితే నురుగు లేస్తుంది. చివర గడ్డకట్టించే మందు కలిపి, అది గడ్డకట్టేలోపల అచ్చులో పోయాలి. తరువాత కొన్ని గంటలు వేడి పెడితే, గంధకం రబ్బరు అణువుల పొడవాటి గొలుసులను ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టిన వల్కనైజేషన్ ఇదే. 1929లో బ్రిటన్‌లోని డన్‌లప్ కంపెనీ పరిశోధకులు రబ్బరు పాలను నురుగుగా కొట్టి మెత్తని ఫోం రబ్బరు తయారు చేశారు.

బ్రిటిష్ టెలివిజన్‌లో 1984 నుంచి 1996 వరకు 'స్పిటింగ్ ఇమేజ్' అనే హాస్య కార్యక్రమం వచ్చింది. రాజకీయ నాయకులను వెక్కిరించే ఆ బొమ్మలను పీటర్ ఫ్లక్, రోజర్ లా అనే కళాకారులు రూపొందించారు. ముఖాలను ఫోం రబ్బరుతో చేసేవారు. ఆ రోజుల్లో చేసిన ఫోం రబ్బరు బొమ్మలు అనేకం తరువాత బిరుసెక్కి, పగిలి, పొడిపొడిగా రాలిపోయాయి.

ఎందుకని? బొమ్మకు మెత్తదనం ఇచ్చిన ఖాళీలే దానికి శత్రువులు! నొక్కితే గాలి బయటకు పోయేది వాటిలోంచే. వదిలితే గాలి లోపలికి వచ్చేదీ వాటిలోంచే. ఆ గాలితోపాటు ఆక్సిజన్ కూడా బొమ్మ లోలోపలికి చేరి రబ్బరు అణువులను దెబ్బతీస్తుంది. వెలుతురు, వేడి తోడైతే పని ఇంకా త్వరగా జరుగుతుంది. మ్యూజియంలలో ఇటువంటి వస్తువులను చల్లని చీకటి గదుల్లో, ఒక్కోసారి ఆక్సిజన్ లేని సంచుల్లో దాచుతారు. దానివల్ల వాటి ఆయుష్షు పెరుగుతుందే గాని, అవి చిరంజీవులు కావు.

అందుచేత నా అభిప్రాయం ఇది: బొమ్మను భద్రపరచడం కన్నా దాని అచ్చును భద్రపరచడం ముఖ్యం. బొమ్మను గాజు బీరువాలో పెట్టి అచ్చును పారవేయడమంటే, విత్తనాల గింజలు కూడా వండుకు తిన్నట్లే. 2018లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి చేరిన రోజర్ లా సేకరణలో చిత్రాలు, రాతప్రతులతోపాటు అచ్చులు కూడా ఉన్నాయి. అది తెలివైన పని.

"అచ్చు బరువు, చోటు తింటుంది, పైగా వేడికి అదీ బీటలు వారుతుంది" అంటారు కొందరు. నిజమే. ఇప్పుడు కంప్యూటరు సాయంతో దాని ఆకారాన్ని కొలిచి దాచుకునే వీలుంది. కాని ఆకారం ఒక్కటే చాలదు. ఏ పాళ్లలో కలిపారు, ఎంతసేపు గిలకొట్టారు, ఎంత వేడి పెట్టారు, బొమ్మ ఎంత కుంచించుకుపోయింది అన్నవి కూడా రాసిపెట్టాలి. గది వేడి మారితే గడ్డకట్టే సమయమే మారిపోతుంది. నోటుపుస్తకం లేని అచ్చు సగం అచ్చే!

ఫోం పోతను మీరు ఇంట్లో చేయవద్దు. రెండు ద్రవాలు కలిపితే పొంగే పాలీయురిథేన్ ఫోం అసలే వద్దు. అందులోని ఐసోసయనేట్లు ఉబ్బసం తెప్పించగలవు. మట్టితో ఒక ముఖం చేసి, పెద్దవాళ్ల సాయంతో ప్లాస్టర్ అచ్చు తీయండి. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు బాగా వేడెక్కుతుంది కనుక అందులో చేతులు ఉంచకండి. ఆరిన అచ్చు లోపల నూనె రాసి, నానిన కాగితపు గుజ్జు ఒత్తి బొమ్మ తీయండి. తేదీ, కొలతలు రాసుకోండి. బొమ్మను మీ తమ్ముడు చింపేసినా ఏడవనక్కర లేదు. అచ్చు మీ దగ్గరే ఉంది గదా!