వైమానికవిద్య – ఇంధనపరీక్ష

2023లో ఎయిరిండియా 470 విమానములకును, ఇండిగో 500 విమానములకును ఆర్డరు లిచ్చినవి. వానిని నడుపుటకు చోదకులు కావలయును. అందుచే విశాఖపట్టణ ప్రాంతమున సయితము వైమానికవిద్యపై యువకుల కాసక్తి హెచ్చుచున్నది. ఇది హర్షింపదగినదే. వాణిజ్యచోదకుని లైసెన్సునకు 200 గంటలు ఎగిరియుండవలయును. ఆ గంటల వెల చెల్లించుటకై ఎకరముల నమ్ముకొను తండ్రులు మన పాఠకులలోనే యుందురు. వారు రుసుము నడుగుదురు, వసతి నడుగుదురు. విమానములోని పెట్రోలును ఎవరు కొలుతురని యడుగువా రరుదు.

సెస్నా 152 అను చిన్న శిక్షణవిమానమున సామాన్యముగా వాడదగిన పెట్రోలు 93 లీటర్లు. గంటకు సుమారు 23 లీటర్లు ఖర్చగును. లెక్క సులభమే, కాని చోదకుని యెదుటి ముల్లును నమ్మరాదు. రెక్కమీది మూత తీసి, కొలకఱ్ఱ ముంచి చూచినదే ప్రమాణము. మూత బిగియకున్నచో రెక్కపై వీచు గాలి పెట్రోలును పైకి పీల్చివేయును. మూత రబ్బరు చివికినచో వాననీరు దిగును. నీరు బరువు గనుక అడుగున చేరును. కావున తొట్టి యడుగునుండి కొంచెము తీసి చూడవలయును. విశాఖవంటి తేమసీమలో ఇది చాదస్తము కాదు.

కొలుచుటతోనే పని తీరదు. 1983 జూలై 23వ తేదీన ఎయిర్ కెనడావారి విమానమున ఇంధనమును కొలిచియే యుండిరి. కాని కిలోలకు మారుగా పౌనుల లెక్క వేయుటచే కావలసినదానిలో సగమైనను లేకుండెను. నడిమింట ఇంజనులు రెండును ఆగిపోయినవి; అది గిమ్లీ యను పాత సైనికక్షేత్రమున దిగెను. మన సీమలోనే, 1993 నవంబరు 15వ తేదీన, మద్రాసునుండి హైదరాబాదు వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్సు విమానము మసకచే దిగలేక మరల లేచెను. రెక్కల ఫ్లాపులు లోనికి ముడుచుకొనలేదు. అట్లే మద్రాసునకు మరలగా, గాలి యెదురొత్తిడిచే ఇంధనము త్వరితముగా తరిగి, తిరుపతి చేరువ వరిపొలమున దిగవలసివచ్చెను. 262 మందియు బ్రదికిరి. బయలుదేరునప్పటి లెక్క దారిలో స్థితి మారినపుడు చెల్లదని ఆనాడే తెలిసినది.

ఆ విమానమునకు వరిమడి దొరకెను. విశాఖలో నేమి దొరకును? ఒకవంక సముద్రము, ఒకవంక యారాడకొండ, నడుమ రేవు క్రేనులు, ఆవల ఉక్కుకర్మాగారపు పొగగొట్టములు! మూడువేల అడుగుల యెత్తున ఇంజను ఆగిన సెస్నా సుమారు 8 కిలోమీటర్లు మాత్రమే జారగలదు.

విమానపాఠశాలలలో సొమ్ము గంటల లెక్క. ఒకరు దిగినంతనే మరియొక రెక్కుదురు. "ఇంకను చాలినంత యున్నది" అని ముందువాడన్న మాటను కాదని, శిక్షకుని యెదుట కొలకఱ్ఱ యడుగుటకు పందొమ్మిదేండ్ల విద్యార్థికి నోరు రావలెనుగదా! గురుభక్తి మంచిదే, పెట్రోలు తొట్టికి అది తెలియదు. 2024లో పౌరవిమానయానశాఖను చేపట్టిన శ్రీ కింజరాపు రామమోహన నాయుడుగారు ఉత్తరాంధ్రులు. ప్రతి ప్రయాణమునకు ముందు కొలతను వ్రాసి విద్యార్థియు, శిక్షకుడును సంతకము చేయవలెననియు, ఇంధనము చాలదని ఎగురుటకు నిరాకరించిన విద్యార్థికి ఆ గంట రుసుము నష్టము కారాదనియు శాసించుటకు బొక్కసమునుండి దమ్మిడీ తీయ నక్కరలేదు.