మన ఊపిరికి పది శాతం కోత ఎవరు పెట్టిన్రు?

మా మాణికేశ్వర్ నగర్‌ను పాతవాళ్ళు ఇప్పటికీ వడ్డెర బస్తీ అనే అంటరు. బండ కొట్టే కులం పేరు అది. యూనివర్సిటీని ఆనుకునే ఉంటది. హాస్టల్ దొరకని మాలాంటోళ్ళం ఇక్కడే రూములు తీసుకొని డిగ్రీలు పూర్తి చేసినం. మా పక్కింటి మామ ముప్పై ఏళ్ళు రాయి కొట్టిండు, క్రషర్ కాడ కూడా పనిచేసిండు. ఇప్పుడు ఒక అంతస్తు ఎక్కేలోపు రెండుసార్లు ఆగుతడు. పోయిన నెల ఆయన్ను ఊపిరితిత్తుల పరీక్షకు తీస్కపోయినం. ముక్కుకు క్లిప్పు పెట్టి, గొట్టంలో ఊదమన్నరు. సిగరెట్ తాగుతవా అని అడిగిన్రు. ఏం పని చేసినవని ఎవరూ అడగలే. రిపోర్టు వచ్చింది: ‘నార్మల్’.

మామ నా దిక్కు చూసి, “అయితే నేను నటిస్తున్ననా అల్లుడూ?” అన్నడు.

ఆ రాత్రి ఆ కాగితం పట్టుకొని కూసున్న. నిండుగా పీల్చి, ఒక్క దమ్మున చివరిదాకా ఊదితే వచ్చే మొత్తం గాలిని ఎఫ్‌వీసీ అంటరు. అందులో మొదటి సెకనులో వచ్చింది ఎఫ్‌ఈవీ1. ఆస్తమా లెక్క గాలి గొట్టాలు ఇరుకైతే మొదటి సెకను గాలి తగ్గుతది. దుమ్ము పట్టి ఊపిరితిత్తి గట్టిపడితే మొత్తం గాలే తగ్గుతది. ఎంత ఊదినా లోపల లీటరుకు పైగా మిగిలే ఉంటది, దాన్ని ఈ యంత్రం కొలవలేదు.

ఇక్కడిదాకా పంచాయితీ లేదు, లీటర్లు లీటర్లే. పంచాయితీ అంతా పక్క గడిలో ఉంది: ‘ప్రెడిక్టెడ్’. అంటే నీ వయసు, ఎత్తు ఉన్న ఆరోగ్యవంతుడు ఎంత ఊదాలె అని యంత్రం వేసుకున్న అంచనా. మన దేశంలో చాలాచోట్ల తెల్లవాళ్ళ లెక్క తీసుకొని, ఇండియన్ కాబట్టి పది శాతం తగ్గిస్తరు. దాంతో ఏమైతదో చూడండి. ఒక మనిషి 3 లీటర్లు ఊదిండు. అంచనా 4 లీటర్లయితే ఆయనది 75 శాతం. చాలామంది డాక్టర్లు గీత 80 కాడ పెట్టుకుంటరు కాబట్టి ఆయనకు జబ్బున్నట్టే. కోత పెట్టి అంచనాను 3.6 చేస్తే అదే ఊపిరి 83 శాతం, నార్మల్! ఊపిరితిత్తి ఏమీ బాగుపడలే, భాగహారంల కింది అంకె మారింది.

ఈ కోతకు చరిత్ర ఉంది. 1846లో లండన్‌లో జాన్ హచిన్సన్ ఈ యంత్రాన్ని లోకానికి చూపిండు. 1851లో అమెరికాలో బానిసత్వాన్ని సమర్థించే డాక్టర్ శామ్యూల్ కార్ట్‌రైట్, నల్లవాళ్ళ ఊపిరితిత్తులు ఇరవై శాతం తక్కువ అన్నడు, కాబట్టి వాళ్ళకు చాకిరీయే మంచిదన్నడు. 1999లో ఓవెన్స్ కార్నింగ్ కంపెనీ, ఆస్బెస్టాస్ కేసుల్లో నల్ల కార్మికులకు వేరే గీత పెట్టాలని కోర్టుకెక్కింది. పరిహారం ఎగ్గొట్టడానికి ఈ లెక్క ఎంత పనికొస్తదో వాళ్ళకు బాగా తెలుసు. చివరికి 2023లో అమెరికన్ థొరాసిక్ సొసైటీ జాతిని బట్టి వేర్వేరు లెక్కలు వద్దని చెప్పింది.

“మనోళ్ళ ఊపిరితిత్తులు నిజంగానే సగటున చిన్నవి కదా” అంటడు మెడిసిన్ చదివే దోస్తు. కొలిస్తే సగటు తక్కువే వస్తది, కాదనను. ఒంటి కొలతల తేడా కొంత ఉండొచ్చు. కానీ ఊపిరితిత్తి ఇరవై ఏళ్ళు దాటేదాకా పెరుగుతది. పసితనంల తిండి లేక, పొయ్యి పొగలో, టీబీతో పెరిగినోని ఛాతీ ఎట్ల పెరుగుతది? ఆకలిగొన్నోళ్ళ సగటు తీసి, దాన్నే మా జాతి సహజ గుణమంటే ఎట్ల? తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. బస్తీ పిల్లల తిండికీ ఊపిరికీ లెక్క కట్టాల్సింది ఇక్కడే.

వడ్డెరలు మన ఎస్టీ జాబితాలో లేరు, మనకెందుకు అనేటోళ్ళకు ఒక మాట. సిలికా దుమ్ము జాబితా చూసి లోపలికి పోదు. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా, అలీరాజ్‌పూర్, ధార్ జిల్లాల ఆదివాసులు గుజరాత్‌లో గోధ్రా వైపు పలుగురాయి పొడి చేసే ఫ్యాక్టరీలకు వలసపోయి సిలికోసిస్‌తో చచ్చిపోయిన్రు. 238 మంది కుటుంబాలకు మూడేసి లక్షలు ఇవ్వాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ 2010లో చెప్పింది. ఆ పైసల కోసం 2016లో సుప్రీంకోర్టు ఆదేశం దాకా పోవాల్సి వచ్చింది. 2025 దాకా అమలులో ఉన్న 1923 పరిహార చట్టంలో సిలికోసిస్ ఉండేది, 1948 ఫ్యాక్టరీల చట్టంలోనూ ఉండేది. కానీ జబ్బని కాగితం మీద పడితేనే కదా చట్టం కదిలేది.

అందుకే క్వారీలు, క్రషర్లు, గనులున్న ఊర్ల తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు చెప్తున్న. రిపోర్టులో శాతం ఒక్కటే చూసి వాపస్ రావొద్దు. లీటర్లు రాసుకోండి. ఏ లెక్క వాడిన్రు, కోత పెట్టిన్రా అని అడగండి. ఎన్నేండ్లు ఏ దుమ్ములో పనిచేసిన్రో కేస్ షీట్ల రాయించండి. ఛాతీ ఎక్స్‌రే తప్పక తీయించండి, ఎందుకంటే సిలికోసిస్ మొదట్లో ఊదే పరీక్ష మామూలుగానే రావొచ్చు. పోయినేడు ఎన్ని లీటర్లు, ఈ ఏడు ఎన్ని అని ఆ మనిషిని ఆయనతోనే పోల్చమనండి.

మామ ఎక్స్‌రేకు ఈ సోమవారం పోతున్నం. ఆయన పనిచేసిన క్రషర్ల పేర్లు, ఏండ్లు రెండు పేజీలు రాసిపెట్టిన. ఈసారి అడగకపోయినా బల్ల మీద పెడ్తం.