రోబో చేతికి జీతాల కొలత చాలదు

అవుటర్ రింగ్ రోడ్డు మీద ఒకటో నంబరు ఎగ్జిట్ కోకాపేట, ఏడో నంబరు శామీర్‌పేట. కోకాపేట చుట్టూ సాఫ్ట్‌వేర్ కొలువులు. శామీర్‌పేటలో దిగితే టీకాలు, మందుల పరిశోధన కోసం 1999లో మొదలైన జీనోమ్ వ్యాలీ. ఈ రెండు చోట్లనీ ఒకే రోడ్డు కలుపుతున్నా, వాటి పనులు మాత్రం ఒకదానికొకటి పెద్దగా తగలవు. కోకాపేట ఇంజనీర్లు ఎక్కువగా విదేశీ బ్యాంకులకు, వ్యాపారాలకు కోడ్ రాస్తారు. జీనోమ్ వ్యాలీ ల్యాబుల్లోకి ఖరీదైన యంత్రాలు చాలావరకు విదేశాల నుంచే సాఫ్ట్‌వేర్‌తో సహా దిగుతాయి. ఈ రెండు నైపుణ్యాలూ కలవాల్సిన చోటు ల్యాబు బల్ల మీద పనిచేసే రోబో చేయి. దాన్ని తెచ్చుకోవాలా వద్దా అన్న చర్చ తరచూ జీతాల లెక్క దగ్గరే ఆగిపోతుంది. ఆ కొలత చాలదు. హైదరాబాద్ రోబో చేతిని తెచ్చుకోవాల్సింది ఫలితాల మీద నమ్మకం పెంచుకోవడానికి.

ల్యాబులో చేతి పని ఎలాంటిదో చూస్తే సంగతి తేలుతుంది. పరీక్షలకు వాడే ప్లాస్టిక్ ప్లేటులో సాధారణంగా 96 గుంటలుంటాయి. ఒక్కో గుంటలో ఆరు ద్రవాలు వేయాలంటే ఒంటి పిపెట్‌తో 576 సార్లు పీల్చి వదలాలి. ప్రతిసారీ కొలత మైక్రోలీటర్లలో ఉంటుంది, అంటే మిల్లీలీటరులో వెయ్యో వంతుల్లో. ఎనిమిది మొనల పిపెట్ పడితే సార్లు తగ్గుతాయి కానీ అలసట పోదు. పొద్దున వేసిన చుక్క, సాయంత్రం వేసిన చుక్క తేడా లేకుండా ఉండాలని మనిషి మణికట్టును రోజూ అడుగుతున్నాం. ఏడాదికి 300 గంటలకు మించి పిపెట్ పట్టే టెక్నీషియన్లలో చేతి, భుజం నొప్పులు ఎక్కువని స్వీడన్‌లో జరిగిన ఒక అధ్యయనం 1994లోనే చూపింది. రోబో చేయి ఈ భారాన్నే తీసుకుంటుంది. ప్లేటును ఎత్తి ద్రవాలు పోసే యంత్రం కింద పెడుతుంది, అక్కడి నుంచి ఇంక్యుబేటర్‌లోకి, తర్వాత రీడింగ్ తీసే యంత్రంలోకి చేరుస్తుంది. ఇదేమీ కొత్త ఊహ కాదు. జపాన్‌లోని కోచి వైద్య కళాశాలలో మసాహిదే ససాకి 1980ల్లోనే కన్వేయర్ బెల్టులు, రోబోలతో ఆసుపత్రి ల్యాబును నడిపి చూపారు.

మన దగ్గర మనుషులకు కొదవేముంది, లక్షలు పోసి యంత్రం ఎందుకన్నది మొదటి అభ్యంతరం. జీతాలు మాత్రమే చూస్తే ఆ ప్రశ్న సరైనదే. కానీ మందులు అమ్ముకుని బతికే నగరానికి అన్నిటికంటే ఖరీదైనది నమ్మకం పోగొట్టుకోవడం. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థకు తప్పుడు వివరాలు ఇచ్చినట్టు ఒప్పుకున్న రాన్‌బాక్సీ 2013లో 50 కోట్ల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది. ఆ దెబ్బ ఒక్క కంపెనీతో ఆగలేదు, భారతీయ మందులన్నిటి మీదా అనుమానం పడింది. పరిశోధనలోనూ ఇదే కొరత. 2016లో నేచర్ పత్రిక 1,576 మంది పరిశోధకులను అడిగితే, ఇతరుల ప్రయోగాన్ని మళ్లీ చేసి అదే ఫలితం రాబట్టలేకపోయామని 70 శాతానికి పైగా చెప్పారు. దానికి కారణాలు అనేకం. చేతికీ చేతికీ ఉండే తేడా, రాసి పెట్టకుండా వదిలేసిన చిన్న చిన్న అడుగులు వాటిలో ఉన్నాయి. రోబో చేయి, దానితో కలిసి పనిచేసే యంత్రాలు ఏ ద్రవాన్ని ఎంత, ఏ క్షణాన వేశాయో పని జరుగుతుండగానే నమోదు చేయగలవు. ఆ రికార్డును కూడా దిద్దగలవాళ్లు ఉంటారు, నిజమే. కానీ చివర్లో తీరిగ్గా నింపే రిజిస్టరును మార్చినంత తేలిగ్గా దాన్ని మార్చలేరు.

రెండో అభ్యంతరం ఇంతకంటే గట్టిది. రోగ నిర్ధారణ పరీక్షల్లో పొరపాట్లు ఎక్కువగా యంత్రం దగ్గర జరగవు. ఇటలీలోని పాడువా ఆసుపత్రి ల్యాబుపై 2007లో వచ్చిన అధ్యయనంలో దాదాపు 62 శాతం పొరపాట్లు పరీక్ష మొదలుకాక ముందే దొర్లినవి. పేరు మారడం, గొట్టం మారడం, రక్తం సరిగ్గా తీయకపోవడం లాంటివి ఆ దశలోవే. అందుకే రోబో చేతిని ఎక్కడ పెడతామన్నది ముఖ్యం. 2018లో మొదలైన తెలంగాణ డయాగ్నస్టిక్స్‌లో బస్తీ దవాఖానాలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల నుంచి శాంపిళ్లు పెద్ద ల్యాబుకు చేరతాయి. అలాంటి చోట బార్‌కోడ్ చదవడం, మూత తీయడం, సెంట్రిఫ్యూజ్‌లో పెట్టడం, విడదీయడం రోబో చేతికి అప్పగించాల్సిన మొదటి పనులు. రక్తం తీసే మనిషికి శిక్షణ దానికంటే ముందు జరగాలి. ఆ ఖర్చు మానేసి రోబో చేతిని కొంటే తప్పు శాంపిల్‌కు కచ్చితమైన ఫలితం వస్తుంది, అంతే.

యంత్రానికి వివేచన అప్పగించకూడదని కూడా అనుభవం చెబుతోంది. 2020లో లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో ల్యాబులో తిరుగుతూ పనిచేసే రోబో 8 రోజుల్లో 688 ప్రయోగాలు చేసి, మొదట్లో ఉన్నదానికంటే ఆరు రెట్లు చురుకైన ఉత్ప్రేరకాన్ని కనిపెట్టింది. 2023లో బర్క్‌లీలో రోబోలతో నడిచే ఏ-ల్యాబ్ 17 రోజుల్లో 41 కొత్త పదార్థాలు తయారు చేసిందన్న వార్త వచ్చింది. ఆ ఫలితాలను నిదానంగా పరిశీలించిన రసాయన శాస్త్రవేత్తలు వాటిలో నిజంగా కొత్తవి లేవని వాదించారు. రెండు చోట్లా చేతులు అలుపు లేకుండా పనిచేశాయి. బర్క్‌లీలో వచ్చినదేమిటో తేల్చడానికి మాత్రం చదువుకున్న కళ్లు కావాల్సి వచ్చింది.

అందుకే ఉద్యోగాల భయాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. డీఎంఎల్‌టీ చదివి ల్యాబులో చేరిన అమ్మాయికి ఆ కొలువే ఇంటికి ఆధారం కావచ్చు. ప్రభుత్వ సొమ్ముతో కొనే ప్రతి రోబో చేతికీ ఒక షరతు ఉండాలి: అక్కడ పనిచేస్తున్నవారిని తీసేయకూడదు, దాన్ని నడపడం, క్యాలిబ్రేట్ చేయడం, తేడా వస్తే ఆపడం వారికే నేర్పాలి. ఏ శాంపిల్ ఎలా గడ్డకడుతుందో, ఏ ద్రవం పిపెట్ మొనకు ఎలా పట్టుకుంటుందో తెలిసింది వారికే. ఆ తెలివి కోడ్‌లోకి ఎక్కకపోతే యంత్రం గాలిని కొలిచి పోస్తుంది.

కోకాపేట పాత్ర ఇక్కడే మొదలవుతుంది. ల్యాబు ఆటోమేషన్‌లో ఇనుప చేయి ఒక భాగం మాత్రమే. వేర్వేరు కంపెనీల యంత్రాలను ఒక వరుసలో నడిపే సాఫ్ట్‌వేర్ అంతకంటే కష్టమైన పని, అది ఈ నగరం ఆరితేరిన పని. మనుషుల పక్కన పనిచేసే రోబో చేతులను హైదరాబాద్ సంస్థ స్వాయా రోబోటిక్స్ తయారు చేస్తోంది. నమూనాలు చేసుకోవడానికి రాయదుర్గంలో 2023లో తెరిచిన టీ-వర్క్స్ ఉంది. అదే ఏడాది రాష్ట్రం రోబోటిక్స్ విధానం కూడా ప్రకటించింది. తార్నాక దగ్గర సీసీఎంబీ, ఐఐసీటీ లాంటి జాతీయ ల్యాబులున్నాయి. వీటన్నిటినీ కలిపే మొదటి ఆర్డర్ ప్రభుత్వమే ఇవ్వాలి. ఒక ప్రభుత్వ డయాగ్నస్టిక్ ల్యాబులో శాంపిళ్ల స్వీకరణ విభాగాన్ని ఇక్కడి సాఫ్ట్‌వేర్‌తో, అక్కడి టెక్నీషియన్ల సలహాతో ఆటోమేట్ చేయించాలి. డేటా కంపెనీ తాళం కింద కాక ల్యాబు చేతిలో ఉండాలని టెండర్‌లోనే రాయాలి. ఏడాది తర్వాత పొరపాట్లు ఎన్ని తగ్గాయో, రిపోర్టు ఎంత త్వరగా అందిందో ప్రజల ముందు పెట్టాలి. తగ్గితే మరో జిల్లాకు తీసుకెళ్లాలి, తగ్గకపోతే కారణం కనుక్కునేదాకా కొత్తది కొనకూడదు.