ఇంటి గుట్టు అని ఊరుకోవద్దు



2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనప్పుడు అందరూ చెప్పిన మాట ఒక్కటే: "ఇంట్లోనే ఉండండి, క్షేమంగా ఉండండి." కరోనా విషయంలో అది మంచి సలహాయే. అయితే కొట్టే మనిషితో ఒకే ఇంట్లో చిక్కుకున్న స్త్రీకి, బిడ్డకు క్షేమం ఎక్కడిది? ఆ మార్చి 20 నుండి 31 లోపల, హింస నుండి కాపాడమని చైల్డ్‌లైన్ 1098కి 92 వేలకు పైగా ఫోన్లు వచ్చాయి. భర్త పక్కనే ఉంటే ఫోనులో మాట్లాడలేరు గనుక, ఏప్రిల్‌లో జాతీయ మహిళా కమిషన్ ఫిర్యాదులకు వాట్సాప్ నంబరు ఇచ్చింది.

పుట్టింటికి వెళ్లడానికి బస్సులు లేవు. బడులు మూతపడ్డాయి గనుక బిడ్డ ఒంటిమీది దెబ్బలు టీచరు కంటబడలేదు. ఆరాధనలు ఆగిపోయాయి గనుక సంఘస్థులూ చూడలేదు. గోడ అవతల ఏడుపు వినబడింది ఇరుగుపొరుగువారికే.

విన్నవారు ఏమి చేశారు? "మొగుడూ పెళ్లాల మధ్య మనకెందుకు" అని చాలామంది తలుపు వేసుకున్నారు. పెద్దలు "సర్దుకుపో అమ్మా" అన్నారు. ఇలాంటి సలహా దెబ్బలు తినే మనిషిని ఒంటరిని చేస్తుందని నా అభిప్రాయం. ఇంటి గుట్టు కంటే ఇంట్లోని ప్రాణం విలువైనది.

చట్టం కూడా ఇదే చెబుతుంది. 2005 గృహహింస చట్టం ప్రకారం రక్షణాధికారికి ఎవరైనా సమాచారం ఇవ్వవచ్చు. మంచి మనసుతో చెప్పినవారిపై కేసు ఉండదు. పిల్లలపై లైంగిక అత్యాచారం జరిగిందని తెలిస్తే, 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పడం మన బాధ్యత.

మీరు చేయగలిగినవి ఇవి:

* ఆమెను ఒంటరిగా ఉన్నప్పుడు పలకరించండి. ఆమెకు తెలియకుండా భర్తను నిలదీయకండి. ఆ కోపం ఆమె మీదకే మళ్లుతుంది.
* బిడ్డ చెప్పేది ఓపికగా వినండి. "నీ తప్పేమీ లేదు" అని చెప్పండి. ఎవరికీ చెప్పనని మాత్రం మాట ఇవ్వకండి.
* స్త్రీలకు 181, పిల్లలకు 1098, ప్రాణాపాయమైతే 112. ఇవి ఉచితం. సఖి కేంద్రాలలో వైద్యం, న్యాయసలహా, కొద్దిరోజుల ఆశ్రయం దొరుకుతాయి.
* ఆసుపత్రికి వస్తే "మెట్లమీద జారిపడ్డాను" అనకుండా డాక్టరుగారికి ఉన్నది చెప్పమనండి. ఆ చీటీ రేపు సాక్ష్యంగా పనికి వస్తుంది.

మరో మహమ్మారి ఎప్పుడు వస్తుందో తెలియదు. మాస్కులతోపాటు ఈ మూడు నంబర్లూ ప్రతి ఇంట్లో ఉండాలి. పొరుగింట కేక వినబడిన రోజున, ఎవరో ఒకరు చేస్తారులే అనుకోకుండా ఆ ఫోను మీరే చేయండి.