తిమోర్ ఓటరు అడిగిన లెక్క

స్వేచ్ఛ తెచ్చిన పార్టీకి జనం ఎన్నాళ్లు ఓటేస్తారు? ఆగ్నేయాసియాలోని చిన్న దేశం తూర్పు తిమోర్ ఈ ప్రశ్నకు 2007 జూన్ 30న జవాబు చెప్పింది. ఆనాటి పార్లమెంటు ఎన్నికల్లో, విముక్తి పోరాటానికి ముందు నిలిచిన ఫ్రెటిలిన్ పార్టీకి 65 స్థానాల్లో 21 మాత్రమే దక్కాయి. 2001 ఆగస్టు 30న జరిగిన రాజ్యాంగ సభ ఎన్నికల్లో అదే పార్టీకి 88లో 55 స్థానాలు కట్టబెట్టింది కూడా ఈ జనమే!

ఈ జనం త్యాగం తెలియనివాళ్లు కాదు. పోర్చుగీసు వలస పాలన పోతుందనుకుంటే 1975 డిసెంబరులో ఇండోనేషియా సైన్యం దిగింది. 24 ఏళ్లు ఆక్రమణ కింద నలిగారు. 1999లో ఐక్యరాజ్యసమితి జరిపిన ప్రజాభిప్రాయ సేకరణలో, బెదిరింపులను లెక్కచేయకుండా 78.5 శాతం మంది ఇండోనేషియాలో ఉండబోమని తేల్చిచెప్పారు. అందుకు ప్రతీకారంగా మిలీషియాలు ఊళ్లకు ఊళ్లే తగలబెట్టాయి. చివరకు 2002 మే 20న స్వతంత్ర జెండా ఎగిరింది.

మరి ఐదేళ్లకే ఈ తీర్పు ఎందుకొచ్చింది? రాజ్యాంగం రాయడానికి ఎన్నికైన సభ, మళ్లీ ప్రజల దగ్గరకు వెళ్లకుండానే తొలి పార్లమెంటుగా మారిపోయింది. సైన్యంలో పడమటి జిల్లాల వారిపై వివక్ష ఉందంటూ 2006లో సైనికులు ఆందోళనకు దిగితే, దాదాపు 600 మందిని ఉద్యోగాల నుంచి తొలగించారు. తూర్పువాళ్లు, పడమటివాళ్లు అంటూ రాజధాని దిలీలో ఇళ్లు తగలబడ్డాయి. సుమారు లక్షన్నర మంది నిరాశ్రయులయ్యారు. ప్రధాని మారి అల్కతిరి రాజీనామా చేయక తప్పలేదు. పరాయి పాలన మీద గెలిచిన దేశంలో, వివక్ష ఉందన్న మొరకు దొరికిన జవాబు తొలగింపు ఉత్తర్వు!

అయితే ప్రజలు పోరాట చరిత్రను తోసిపుచ్చలేదు. 18 స్థానాలతో రెండో స్థానంలో నిలిచిన కొత్త పార్టీ అధినేత షనానా గుస్మావ్ కూడా గెరిల్లా పోరాటం నడిపి జైలుకెళ్లినవాడే. మరికొన్ని పార్టీలను కలుపుకొని 37 మంది సభ్యుల బలంతో ఆయన 2007 ఆగస్టులో ప్రధాని అయ్యారు. పెద్ద పార్టీ అయిన తమను పిలవలేదని ఫ్రెటిలిన్ మండిపడింది. మళ్లీ ఇళ్లు కాలాయి. అయినా చివరకు ఆ పార్టీ ప్రతిపక్షంలో కూర్చుంది. 2012, 2017, 2018, 2023లలోనూ పార్టీల బలాబలాలు తేలింది బ్యాలెట్ పెట్టె దగ్గరే.

వారిది దేశం కోసం పోరాటం, మనది రాజ్యాంగ పరిధిలో రాష్ట్రం కోసం పోరాటం. వారు పెట్టిన ప్రాణాలతో దేన్నీ పోల్చలేం. కానీ ఓటరు లెక్క మాత్రం ఒక్కటే. ఉద్యమ పార్టీకి 2014లో 119కి 63, 2018లో 88 స్థానాలిచ్చిన తెలంగాణ, 2023లో 39తో సరిపెట్టింది. తర్వాత గద్దెనెక్కినవారికీ ఇదే కొలబద్ద.

మేం చెప్పదలచుకున్నది ఇదే. సకల జనుల సమ్మెలో జీతాలు వదులుకున్న ఉద్యోగులకు, లాఠీదెబ్బలు తిన్న విద్యార్థులకు రాష్ట్రం రావడంతోనే పని అయిపోలేదు. నీళ్లు, నిధులు, నియామకాల లెక్క అడగడం ఉద్యమద్రోహం కాదు. ఎవరు గద్దె మీదున్నా అడుగుదాం. అడగడం ఆపిన రోజు మనం తెచ్చుకున్నది మన చేతిలో ఉండదు.